రక్తంలో రంపపు పొట్టు
పెద్దపేగు క్యాన్సర్ తిరగబెడుతుందా అని ముందే తెలుసుకునే ప్రయత్నం

చాతం అనగానే ఈ ఊళ్ళో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రంపపు మిల్లు. 1883లో బ్రిటిష్ వారు మొదలుపెట్టిన ఈ మిల్లు ఒక చిన్న దీవి మీద ఉంది. వంతెన దాటితే పోర్ట్ బ్లెయిర్. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది కానీ చాతం పేరు చాతమే. కర్ర పని తెలిసినవాళ్ళు మిల్లు లోపలికి వెళ్ళకుండానే, బయట పడ్డ పొట్టు చూసి లోపల ఏ కర్ర కోస్తున్నారో చాలావరకు చెప్పేస్తారు. పడౌక్ దుంగ కోస్తే పొట్టు ఎర్రగా ఉంటుంది. కొన్ని కర్రల పొట్టు తెల్లగా ఉంటుంది. వాసనలో కూడా తేడా తెలుస్తుంది.

మన శరీరంలో కూడా ఇలాంటిదే జరుగుతుంది. ప్రతి అవయవంలోని కణాలు తమ పనిలో భాగంగా కొన్ని చిన్న చిన్న పదార్థాలను రక్తంలోకి వదులుతుంటాయి. లోపల క్యాన్సర్ కణితి ఉంటే అదీ వదులుతుంది. కడుపు కోసి చూడకుండా, ఒక గొట్టం రక్తం తీసుకుని, అందులోని ‘పొట్టు’ను బట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పగలమా? ఈ ప్రశ్నతో ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. ఆ పొట్టులో ఒక రకం పేరు మైక్రో ఆర్.ఎన్.ఎ. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన మనిషికి ఆ జబ్బు మళ్ళీ వస్తుందా అన్న ప్రశ్నకు అది ఎంతవరకు జవాబు చెప్పగలదో ఈ వ్యాసంలో చూద్దాం.

పెద్దపేగులో ఏం జరుగుతుంది?

మనం తిన్న అన్నం చిన్నపేగులో అరిగాక, మిగిలినది పెద్దపేగులోకి వస్తుంది. దాని పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. అక్కడ నీరు ఇంకిపోయి, మిగిలినది మలంగా మారుతుంది. పేగు చివరి భాగాన్ని పురీషనాళం అంటారు. ఈ రెండింటిలో వచ్చే క్యాన్సర్లను కలిపి పెద్దపేగు క్యాన్సర్ అనే పిలుస్తున్నాం.

పేగు లోపలి పొర మీద కణాలు కొన్ని రోజులకోసారి పాతవి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. ఇంత వేగంగా కణాలు విభజన చెందే చోట, జన్యువుల్లో పొరపాట్లు జరిగే అవకాశం కూడా ఎక్కువ. అలాంటి పొరపాట్ల వల్ల ముందుగా పుట్టగొడుగు లాంటి ఒక చిన్న బుడిపె లేస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. చాలా పాలిప్‌లు హాని చేయవు. కొన్ని మాత్రం మెల్లగా క్యాన్సర్‌గా మారతాయి. అందుకు సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. ఆ పదేళ్ళలో కొలనోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పేగు లోపల చూసి, పాలిప్‌ను తీసేస్తే క్యాన్సర్ రాకముందే ఆగిపోతుంది.

ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 19 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చిందని, 9 లక్షల మంది దీనివల్ల చనిపోయారని అంచనా. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాత స్థానం దీనిదే. మన దేశంలో పాశ్చాత్య దేశాలంత ఎక్కువ లేదు. అయినా ఇక్కడ చాలామంది జబ్బు ముదిరాకే ఆస్పత్రికి వస్తారు. మలంలో రక్తం పడినా, నెలల తరబడి విరేచనం తీరు మారినా ‘మొలలేమో’ అనుకుని ఊరుకోవడం ఇందుకు ఒక కారణం. సిగ్గు మరో కారణం. మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఇలాంటి సంగతి నోరు విప్పి చెబితే, నవ్వకుండా వినడం, పెద్దవాళ్ళ చెవిన వేయడం మీరు చేయగలిగిన సాయం.

ఆపరేషన్ తర్వాత అసలు ప్రశ్న

క్యాన్సర్ ఎంతవరకు వ్యాపించిందో బట్టి డాక్టర్లు దాన్ని నాలుగు దశలుగా చెబుతారు. మొదటి దశలో అది పేగు గోడ పైపొరల్లోనే ఉంటుంది. రెండో దశలో గోడ మందమంతా దాటుతుంది. మూడో దశలో పక్కనున్న లింఫు గ్రంథులకు చేరుతుంది. నాలుగో దశలో కాలేయం, ఊపిరితిత్తులు వంటి దూరపు అవయవాలకు పాకుతుంది.

మొదటి మూడు దశల్లో ముఖ్యమైన చికిత్స ఆపరేషన్. జబ్బు ఉన్న పేగు ముక్కను, చుట్టూ ఉన్న గ్రంథులను తీసేసి, రెండు కొసలను కలుపుతారు. సర్జన్ కళ్ళకు, స్కానింగ్ యంత్రానికి కనిపించినదంతా పోయినట్టే. అయితే కొన్ని క్యాన్సర్ కణాలు అప్పటికే రక్తం ద్వారా బయలుదేరి, కాలేయంలో ఒక మూల దాక్కుని ఉండవచ్చు. అవి వందల్లోనో వేలల్లోనో ఉంటే ఏ స్కానింగ్‌లోనూ కనిపించవు. ఒక సెంటీమీటరు గడ్డలోనే కోట్ల కొద్దీ కణాలు ఉంటాయి. స్కాన్‌లో మచ్చ కనబడేసరికి జబ్బు చాలా దూరం నడిచివచ్చినట్టు లెక్క.

ఇలా దాక్కున్న కణాలు మళ్ళీ పెరగడాన్నే తిరగబెట్టడం అంటాం. తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మొదటి మూడేళ్ళలోనే బయటపడతాయి. దాక్కున్న కణాలను చంపడానికి ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు కీమోథెరపీ ఇస్తారు. మూడో దశలో సాధారణంగా ఇస్తారు. మొదటి దశలో అవసరం ఉండదు. చిక్కంతా రెండో దశలో ఉంది. ఆ దశలో ఎక్కువమందికి ఆపరేషన్‌తోనే నయమైపోతుంది, కొద్దిమందికి మాత్రం తిరగబెడుతుంది. ఆ కొద్దిమంది ఎవరు?

అందరికీ కీమో ఇస్తే, అవసరం లేని ఎంతోమంది వాంతులు, నీరసం, తెల్ల రక్తకణాలు తగ్గడం వంటి బాధలు ఊరికే పడతారు. ఒక మందు వల్ల వేళ్ళ కొసల్లో తిమ్మిరి వచ్చి కొందరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఎవరికీ ఇవ్వకపోతే, అవసరమున్నవాళ్ళకు బతికే అవకాశం చేజారుతుంది. ఎవరికి ఇవ్వాలో ముందే చెప్పే గుర్తు కావాలి.

ఇక్కడ తెలుగువారు గుర్తుంచుకోవాల్సిన ఒక సంగతి ఉంది. ఈ క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే కీమో మందుల కలయిక పేరు ఫోల్‌ఫాక్స్. అందులో ‘ఫోల్’ అంటే ఫోలినిక్ ఆమ్లం. ఇది ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. ఫ్లోరోయురాసిల్ అనే మందు క్యాన్సర్ కణంలో ఒక ఎంజైమును పట్టుకుంటుంది. ఆ పట్టు జారిపోకుండా ఫోలినిక్ ఆమ్లం బిగిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. 1940ల నడుమ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి ఆయనే నాయకుడు. ఫోలేట్ కుటుంబం గురించి ఆనాడు తెలుసుకున్నది ఈనాటికీ క్యాన్సర్ వార్డుల్లో ఉపయోగపడుతోంది.

ఇప్పుడున్న రక్త పరీక్ష

రక్తంలో గుర్తు వెతకడం కొత్త ఆలోచన కాదు. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్దపేగు కణితుల్లో ఒక ప్రోటీన్‌ను కనిపెట్టారు. దాన్ని సి.ఇ.ఎ. అంటారు. ఆపరేషన్ అయినవారికి మొదటి రెండేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకోసారి ఈ పరీక్ష చేయడం నేటికీ మామూలు పద్ధతి. విలువ పెరుగుతూ పోతే స్కాన్ తీసి చూస్తారు.

సి.ఇ.ఎ. చవకైన పరీక్ష, ఉపయోగమైన పరీక్ష. కానీ సిగరెట్ తాగేవారిలో, కొన్ని కాలేయ జబ్బుల్లో క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. కొన్ని కణితులు దాన్ని వదలనే వదలవు. అందుకే దీనికి తోడుగా, దీనికంటే ముందుగా చెప్పే గుర్తు కోసం వెతుకుతున్నారు.

మైక్రో ఆర్.ఎన్.ఎ. అంటే?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్ళల్లో పెరిగే మనకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు మనకు బాగా తెలుసు.

కణంలోని కేంద్రకం హెడ్ ఆఫీసు లాంటిదనుకోండి. అక్కడ డి.ఎన్.ఎ. అనే అసలు రికార్డు ఉంటుంది. అది ఆఫీసు దాటి బయటికి రాదు. ఏదైనా ప్రోటీన్ తయారు కావాలంటే ఆ పేజీకి నకలు తీసి బయటికి పంపుతారు. ఆ నకలే మెసెంజర్ ఆర్.ఎన్.ఎ. అది రైబోజోమ్ అనే విభాగానికి చేరితే అందులో రాసినట్టు ప్రోటీన్ తయారవుతుంది. ఇది మీ పదో తరగతి, పన్నెండో తరగతి పుస్తకాల్లో కొంచెం అటూ ఇటూగా ఉన్న పాఠమే.

ఇప్పుడు ఇంకో సంగతి చూడండి. నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. సామాను కట్టడం మొదలుపెట్టాక ఇంకో చిన్న కాగితం వచ్చింది: ‘ఫలానా నంబరు ఆర్డరును అబయన్స్‌లో పెట్టడమైనది.’ ఆర్డరు ఉంది, సంతకం ఉంది, కానీ అమలు ఆగిపోయింది. ఆ చిన్న కాగితంతో ఎవరూ ఏ ఊరికీ వెళ్ళరు. ఇంకో ఆర్డరును ఆపడమే దాని పని.

మైక్రో ఆర్.ఎన్.ఎ. అచ్చం ఆ కాగితం లాంటిది. దాని పొడవు సుమారు 22 అక్షరాలు. దాన్నుంచి ఏ ప్రోటీనూ తయారుకాదు. అది వెళ్ళి తనకు సరిపడే అక్షరాలున్న మెసెంజర్ ఆర్.ఎన్.ఎ.కు అతుక్కుంటుంది. అప్పుడు ఆ ఆర్డరు అమలు ఆగుతుంది, లేదా ఆ కాగితమే చిరిగిపోతుంది. సరైన ఆర్డరును గుర్తుపట్టడానికి ఆఫీసులో ఫైలు నంబరు ఎలా ఉపయోగపడుతుందో, ఇక్కడ మైక్రో ఆర్.ఎన్.ఎ. మొదట్లో ఉండే ఆరేడు అక్షరాలు అలా ఉపయోగపడతాయి. నంబరు ఇంత చిన్నది కాబట్టి ఒకే మైక్రో ఆర్.ఎన్.ఎ. చాలా ఆర్డర్లను ఆపగలదు. ఒకే ఆర్డరును చాలా మైక్రో ఆర్.ఎన్.ఎ.లు కలిసి కూడా ఆపగలవు.

దీన్ని 1993లో కనిపెట్టింది ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో. అమెరికా శాస్త్రవేత్త విక్టర్ ఆంబ్రోస్ ఆ పురుగు పెరుగుదలను నడిపించే లిన్-4 అనే జన్యువును వెతుకుతూ వెళితే, చివరికి దొరికింది ప్రోటీన్ తయారుచేయని ఒక చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్క. అది ఏ ఆర్డరును, ఎలా ఆపుతుందో గారీ రవ్‌కున్ బృందం చూపింది. చాలామంది ఇది పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు. 2000లో రవ్‌కున్ బృందం లెట్-7 అనే రెండో ముక్కను కనిపెట్టింది. అది మనుషులతో సహా ఎన్నో జంతువుల్లో ఉందని తేలాక అందరి చూపూ ఇటు తిరిగింది. మనిషిలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయని ఈనాడు తెలుసు. ఈ ఇద్దరికీ 2024లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పురుగు మీద పని మొదలుపెట్టిన రోజుల్లో క్యాన్సర్ రోగులకు ఇది పనికొస్తుందని వారికి తెలియదు.

క్యాన్సర్‌తో సంబంధం

ఆపాల్సిన ఆర్డర్లు ఆగకపోయినా, ఆపకూడనివి ఆగిపోయినా ఆఫీసు గందరగోళం అవుతుంది. కణంలో అలాంటి గందరగోళమే క్యాన్సర్‌కు దారితీస్తుంది. 2002లో ఒక రకం రక్త క్యాన్సర్‌లో రెండు మైక్రో ఆర్.ఎన్.ఎ.లు పోయినట్టు గుర్తించారు. క్యాన్సర్‌కూ వీటికీ ఉన్న సంబంధం తెలిసిన తొలి సందర్భం అదే.

పెద్దపేగు విషయంలో ఎక్కువగా వినిపించే పేరు మిర్-21. కణం అదుపు తప్పి పెరగకుండా పి-టెన్ లాంటి కొన్ని జన్యువులు బ్రేకులా పనిచేస్తాయి. మిర్-21 ఆ బ్రేకుల ఆర్డర్లను ఆపేస్తుంది. బ్రేకు ఆగితే బండి పరుగెడుతుంది. ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్కలను పరీక్షించి 2008లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, మిర్-21 ఎక్కువగా ఉన్న రోగులు తక్కువ కాలం బతికినట్టు కనిపించింది.

రక్తంలో అది ఎలా నిలుస్తుంది?

ఆర్.ఎన్.ఎ. చాలా సున్నితమైనది. మన రక్తంలో దాన్ని తునకలు చేసే ఎంజైములు నిండుగా ఉంటాయి. మరి మైక్రో ఆర్.ఎన్.ఎ. ఎలా మిగులుతుంది? కొంత భాగం ఎక్సోజోమ్‌లు అనే అతి చిన్న కొవ్వు బుడగల్లో దాగి ప్రయాణిస్తుంది. కొంత భాగాన్ని ప్రోటీన్లు గొడుగులా కాపాడతాయి. 2008లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు రక్తంలోని ప్లాస్మాను ఒక రోజంతా గది ఉష్ణోగ్రతలో ఉంచి చూశారు. గడ్డకట్టించి కరిగించడం మళ్ళీ మళ్ళీ చేసి చూశారు. అయినా మైక్రో ఆర్.ఎన్.ఎ.లు పెద్దగా తగ్గలేదు.

ఆ తర్వాతి ఏడాది హాంకాంగ్ పరిశోధకులు పెద్దపేగు క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో మిర్-92ఎ, మిర్-17-3పి అనే రెండు ఎక్కువగా ఉన్నాయని, ఆపరేషన్ తర్వాత తగ్గాయని చూపారు. 2013లో జపాన్, అమెరికా పరిశోధకులు మిర్-21 విషయంలోనూ ఇదే చూశారు. కణితి పూర్తిగా తీసేసినవారి రక్తంలో అది తగ్గింది. మొదట్లో అది ఎక్కువగా ఉన్నవారి పరిస్థితి తర్వాత అంత బాగాలేదు.

మిల్లు పోలికలో చెప్పుకుంటే, దుంగ తీసేశాక పొట్టు రాలడం ఆగాలి. కొన్నాళ్ళకు గాలికి, వానకు పాత పొట్టు పోతుంది. ఆ తర్వాత మళ్ళీ ఎర్రటి పొట్టు కనిపిస్తే, ఎక్కడో రంపం మళ్ళీ తిరుగుతోందని అర్థం. తిరగబెట్టడాన్ని ముందుగా పసిగట్టే ఆలోచన మొత్తం ఇంతే.

కొలిచే పద్ధతి

కరోనా రోజుల్లో ఆర్.టి.-పి.సి.ఆర్. పరీక్ష పేరు వినని ఇల్లు లేదు. మైక్రో ఆర్.ఎన్.ఎ.ను కొలిచేదీ ఆ పద్ధతిలోనే. ముందు ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మారుస్తారు. తర్వాత యంత్రం ప్రతి చుట్టుకూ దాన్ని రెట్టింపు చేస్తుంది. ఒకటి రెండు అవుతుంది, రెండు నాలుగు అవుతుంది. పది చుట్లకు 1,024. ముప్పై చుట్లకు 107 కోట్లు దాటుతుంది. లెక్కల కాపీలో వేసి చూడండి. మొదట ఎక్కువ ఉన్న నమూనా తక్కువ చుట్లకే యంత్రానికి కనిపిస్తుంది. ఇద్దరి నమూనాల మధ్య ఒక్క చుట్టు తేడా ఉంటే, మొదట్లో ఉన్న మొత్తంలో రెట్టింపు తేడా ఉన్నట్టు.

ఒక్క మైక్రో ఆర్.ఎన్.ఎ.ను నమ్ముకోవడం మంచిది కాదు. ఎర్రటి పొట్టు కనిపిస్తే అది పడౌక్‌దే అని ఎలా చెప్పగలం? ఎర్రగా ఉండే కర్రలు వేరేవీ ఉన్నాయి. మిర్-21 ఇతర క్యాన్సర్లలోనూ, వాపు ఉన్న కొన్ని జబ్బుల్లోనూ పెరుగుతుంది. అందుకే పరిశోధకులు కొన్నింటిని కలిపి, వాటి విలువలతో ఒక మార్కు వేస్తారు. రంగు, వాసన, బరువు మూడూ చూసి కర్రను గుర్తుపట్టినట్టు.

పరీక్ష మంచిదని ఎలా చెప్పాలి?

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. ఈ అంకెలు అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. ఆపరేషన్ అయిన 1,000 మంది ఉన్నారనుకుందాం. వారిలో 200 మందికి తిరగబెడుతుంది, 800 మందికి తిరగబెట్టదు. మన పరీక్ష రెండు వైపులా 80 శాతం సరిగ్గా చెబుతుందనుకుందాం.

తిరగబెట్టే 200 మందిలో 160 మందిని పట్టుకుంటుంది, 40 మందిని వదిలేస్తుంది. తిరగబెట్టని 800 మందిలో 640 మందికి ‘భయం లేదు’ అంటుంది, 160 మందికి ఊరికే ‘ప్రమాదం’ అంటుంది. అంటే ప్రమాదం అని చెప్పిన 320 మందిలో సగం మందికే నిజంగా ప్రమాదం. ‘80 శాతం కచ్చితం’ అన్న మాట వినగానే మనం ఊహించుకునేదీ, రోగి చేతిలోకి వచ్చే కాగితం అర్థమూ ఒకటి కావు. ఏ పరీక్ష గురించి పేపర్లో చదివినా ఈ లెక్క వేసి చూడడం అలవాటు చేసుకోండి.

ఇంకా ఆస్పత్రికి ఎందుకు రాలేదు?

ఇన్ని అధ్యయనాలు వచ్చినా, తిరగబెట్టడాన్ని చెప్పే మైక్రో ఆర్.ఎన్.ఎ. పరీక్ష సి.ఇ.ఎ. లాగా రోజువారీ వాడకంలోకి రాలేదు. కారణాలు స్పష్టంగానే ఉన్నాయి.

మొదటిది, రక్తం తీసే తీరు. సూదిలోంచి లాగేటప్పుడో, గొట్టం కుదుపులకు గురైనప్పుడో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. ఆ కణాల్లో మిర్-451, మిర్-16 వంటివి చాలా ఉంటాయి. అవి ప్లాస్మాలో కలిస్తే లెక్కంతా తారుమారు. పైన చెప్పుకున్న మిర్-92ఎ కూడా రక్తకణాల్లో ఎక్కువగానే ఉంటుంది. పొట్టు కుప్ప మీద ఎవరో ఇంకో బస్తా కుమ్మరించినట్టు.

రెండోది, పోల్చడానికి స్థిరమైన కొలబద్ద లేకపోవడం. ఒక ప్రయోగశాల ఒక మైక్రో ఆర్.ఎన్.ఎ.ను ఆధారంగా తీసుకుని కొలిస్తే, ఇంకో ప్రయోగశాల వేరేదాన్ని తీసుకుంటుంది. అందుకే ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట రాకుండా పోతుంది. చాలా అధ్యయనాల్లో రోగుల సంఖ్య కూడా తక్కువ.

మూడోది మనకు ముఖ్యమైనది. ఒక దేశంలో పనిచేసిన గుర్తు ఇంకో దేశంలో అలాగే పనిచేయాలని లేదు. హైదరాబాద్‌లోని సి.డి.ఎఫ్.డి. శాస్త్రవేత్తలు మన దేశంలో చిన్న వయసులోనే ఈ క్యాన్సర్ వచ్చినవారి కణితులను పరిశీలించారు. పెద్దపేగు క్యాన్సర్‌కు దారి అని పాఠ్యపుస్తకాలు చెప్పే జన్యు మార్గం వాటిలో చాలా కణితుల్లో పనిచేస్తున్నట్టు కనిపించలేదు. కణితి పుట్టే దారి వేరైతే అది వదిలే గుర్తులూ వేరు కావచ్చు. కాబట్టి ఏ పరీక్షనైనా మన రోగుల రక్తంతో సరిచూసుకోకుండా తెచ్చుకోలేం.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఒక గుర్తు జబ్బుతో పాటు పెరుగుతుందని చూపడం వేరు, ఆ గుర్తును నమ్మి చికిత్స మారిస్తే రోగికి మేలు జరుగుతుందని చూపడం వేరు. రెండోది ఎలా చూపాలో మైక్రో ఆర్.ఎన్.ఎ.కు తోటి అభ్యర్థి అయిన ఇంకో గుర్తు చూపింది. అది కణితి నుంచి రక్తంలోకి వచ్చే డి.ఎన్.ఎ. తునకలు. ఆస్ట్రేలియాలో రెండో దశ రోగులు 455 మందితో చేసిన డైనమిక్ అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో, ఆపరేషన్ తర్వాత రక్తంలో కణితి డి.ఎన్.ఎ. కనిపించినవారికే కీమో ఇచ్చారు. ఆ గుంపులో 15 శాతం మందే కీమో తీసుకున్నారు. మామూలు పద్ధతి పాటించిన గుంపులో 28 శాతం మంది తీసుకున్నారు. రెండేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి గుంపులో 93.5 శాతం, రెండో గుంపులో 92.4 శాతం. అంటే కీమో తీసుకున్నవారి శాతం దాదాపు సగానికి తగ్గింది, నష్టం జరగలేదు. మైక్రో ఆర్.ఎన్.ఎ. కూడా ఇలాంటి పరీక్ష రాసి పాసవ్వాలి.

దీవుల్లో ఉన్నవాళ్ళకు, బదిలీలున్నవాళ్ళకు

చెన్నై, విశాఖ, కోల్‌కతా మూడూ ఇక్కడికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఓడలో వెళితే రోజులు పడుతుంది, విమానంలో వెళితే డబ్బు పడుతుంది. పెద్ద చికిత్సల కోసం ప్రధాన భూభాగానికి వెళ్ళివచ్చే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. రోగి ఇక్కడే రక్తం ఇస్తే, గొట్టం ప్రయాణం చేసి, అవసరమైతేనే మనిషి ప్రయాణం చేయాల్సి వస్తే ఎంత సుఖమో వేరే చెప్పక్కర్లేదు. మైక్రో ఆర్.ఎన్.ఎ. గది ఉష్ణోగ్రతలోనూ కొంతకాలం నిలుస్తుందన్న సంగతి అందుకే దీవుల వారికి ఆశ కలిగిస్తుంది. అయితే ఆ గొట్టాన్ని సరిగ్గా తీసి, త్వరగా ప్లాస్మాను వేరుచేసి పంపేవాళ్ళు ఇక్కడ ఉండాలి. రేపు ఆ పని చేసే ల్యాబ్ టెక్నీషియన్ మీలో ఒకరు కావచ్చు.

ఆ పరీక్ష వచ్చేలోగా మన చేతిలో ఉన్నదాన్ని వాడుకోవాలి. ఆపరేషన్ తర్వాత ఐదేళ్ళు గమనిస్తూ ఉండాలి. మన నాన్నగారికో అమ్మకో మూడు నాలుగేళ్ళకోసారి బదిలీ అవుతుంది. అంటే ఒకే రోగి ఒకే జబ్బుకు రెండు ఊళ్ళలో, ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు చూపించుకోవాల్సి వస్తుంది. కొత్త డాక్టరుకు పాత సంగతి చెప్పేది కాగితాలే. అందులో ముఖ్యమైనవి నాలుగు: ఆపరేషన్ నోట్, తీసిన ముక్కను పరీక్షించిన పాథాలజీ రిపోర్టు, కీమో ఎన్నిసార్లు ఏ మోతాదులో ఇచ్చారో తెలిపే కాగితం, సి.ఇ.ఎ. విలువలన్నీ తేదీలతో, ల్యాబ్ పేర్లతో.

చివరిది మీరే చేయవచ్చు. ఒక గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా తేదీలు, నిలువుగా విలువలు పెట్టి చుక్కలు కలపండి. ఒక్క విలువ చెప్పలేనిది గీత చెబుతుంది. సమంగా ఉందా, పైకి లేస్తోందా అన్నది డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది. ల్యాబ్ మారిన చోట వేరే రంగు పెన్ను వాడండి. పద్ధతి మారితే విలువ కొంచెం మారవచ్చు.

‘ఒక్క చుక్క రక్తంతో క్యాన్సర్ తెలుసుకోండి’ అని ప్రకటన కనిపిస్తే, ఇంట్లోవాళ్ళు డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగమనండి. ఎంతమంది మీద పరీక్షించారు? మన దేశంలో సరిచూశారా? ఫలితాన్ని బట్టి డాక్టరు చికిత్సలో ఏం మారుస్తారు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ పరీక్ష వల్ల మిగిలేది దిగులే.

అన్ని గుర్తులూ అవకాశాన్నే చెబుతాయి. ‘ప్రమాదం ఎక్కువ’ అని వచ్చినవారిలోనూ ఎంతోమంది బాగానే ఉంటారు. ముందే తెలిస్తే దగ్గరగా గమనించవచ్చు, కాలేయంలో చిన్న మచ్చగా ఉన్నప్పుడే తీసేయవచ్చు. దాని కోసమే ఈ వెతుకులాట. ఈసారి సామాను కట్టేటప్పుడు మీ టి.సి. పెట్టిన ఫోల్డర్‌లోనే ఇంట్లోవాళ్ళ ఆస్పత్రి కాగితాలు కూడా పెట్టండి. ఓడలో వేసే పెట్టెలో కాకుండా, చేతిలో ఉంచుకునే సంచిలో.